గండిపేట షెడ్డులో కాంటెస్సా: జంగు వదిలిస్తే ఎంతవుతుంది?

మొయినాబాద్ దాటి చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల నీడలో పోతూ ఏ తోట గేటు దగ్గర ఆగినా లోపల ఒక రేకుల షెడ్డు ఉంటుంది. అందులో డ్రిప్ పైపుల చుట్టలు, కాలిపోయిన మోటారు, ఎరువు బస్తాలు, వాటి వెనక నీలం టార్పాలిన్ కప్పుకుని ఏదో ఒక పాత బండి. నేను చూసిన షెడ్డులో ఉన్నది 1991 నాటి హిందుస్థాన్ కాంటెస్సా. మా చిన్నాన్నది. 2016లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాడు, మరుసటేడు పోయాడు. అప్పటి నుంచి బండి షెడ్డు దాటలేదు. ఇప్పుడు తోట అమ్మకానికి పెట్టారు. "అన్నా, దీన్ని బాగు చేయిద్దామా, తుక్కుకేద్దామా? ఎంతవుతదో నువ్వే లెక్క చెప్పు" అన్నాడు తమ్ముడు.

ఈ చుట్టుపక్కల షెడ్లలో ఇన్ని బండ్లు ఎందుకున్నాయన్నదానికీ ఒక లెక్కుంది. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచెత్తాక, మళ్లీ అలాంటి వరద రాకుండా కట్టిన గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, 1920లో పూర్తయింది. హిమాయత్‌సాగర్ 1927లో. ఆ రెండు చెరువుల నీళ్లను కాపాడటానికి 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపల, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకూ పరిశ్రమలకూ అడ్డుకట్ట పడింది. దాంతో అపార్టుమెంట్లు లేవాల్సిన చోట తోటలు మిగిలాయి. తోటల్లో ఫాంహౌసులు వెలిశాయి. నగరంలో నిలబెట్టుకోడానికి జాగా లేని పాత కార్లన్నీ వాటి షెడ్లకు చేరాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ కట్టు సడలింది. నేల ధర గురించి మాటలు మొదలయ్యాక షెడ్డు ఖాళీ చేసే మాటా మొదలైంది.

కాంటెస్సాను మనవాళ్లు ముద్దుగా "ఇండియా మజిల్ కారు" అంటారు. అసలు మజిల్ కారంటే మధ్యరకం కారు ఒంట్లో పెద్ద వీ8 ఇంజను కుక్కిన అమెరికా బండి. 1964లో పాంటియాక్ జీటీఓతో ఆ మోజు పట్టుకుందంటారు. అదే ఏడాది ఏప్రిల్ 17న ఫోర్డ్ మస్టాంగ్ వచ్చింది, తొలి పన్నెండు నెలల్లో 4,18,812 అమ్ముడయింది. షెవ్రోలె వాళ్లయితే ఏకంగా షెవెల్ అనే కారు చేశారు. చేవెళ్లకు ఒక్క అక్షరం దూరం! చేవెళ్ల రోడ్డు మీద షెవెల్ నడిపిన మహానుభావుడు ఎవరైనా ఉన్నాడేమో గానీ నాకు మాత్రం తారసపడలేదు. 1970 షెవెల్ ఎస్ఎస్ 454లో పెద్ద ఇంజనుకు కంపెనీ చెప్పిన బలం 450 హార్స్‌పవర్. 1984లో మన కాంటెస్సా రోడ్డెక్కినప్పుడు దాని బానెట్ కింద ఉన్నది అంబాసిడర్ ఇంజనే. 1,489 సీసీ, దాదాపు 50 హార్స్‌పవర్. పహిల్వాన్ ఒడ్డూపొడుగూ ఉంది, మెట్లెక్కితే ఆయాసం. తర్వాత వచ్చిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజను దాన్ని 88 దాకా లేపింది. చిన్నాన్న బండి ఆ ఇసుజుదే. దూలపల్లి రోడ్డు మీద వంద దాటించి పక్కన కూచున్న చిన్నమ్మతో తిట్లు తిన్న కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

ఇంజను బలంలో ఎంత తేడా ఉన్నా జంగు విషయంలో మాత్రం షెవెల్‌కీ కాంటెస్సాకీ తేడా లేదు. రెండూ ఉక్కు రేకే.

ఇనుము గాలినీ నీటినీ కలుపుకుని తుప్పుగా మారినప్పుడు ఉబ్బుతుంది. ఇనుము ఉన్న చోటుకు రెండు మూడింతల చోటు తుప్పుకు కావాలి, నీళ్లు పీల్చుకుంటే ఇంకా ఎక్కువ. రంగు కింద బొబ్బ లేచేది అందుకే. రెండు రేకులు అతికిన చోట తుప్పు పుట్టిందంటే ఆ రెండింటినీ అదే లోపల్నుంచి విడదీస్తుంది. కారు పైరేకు మందం మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. 0.9 మిల్లీమీటర్లు అనుకుందాం, అంటే 900 మైక్రాన్లు. లోహాలను గాలి ఎంత తింటుందో చెప్పే ఐఎస్ఓ 9223 ప్రమాణం ప్రకారం, ఉప్పుగాలీ ఫ్యాక్టరీ పొగా లేని చోట ఆరుబయట పెట్టిన మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో ఒక్కో వైపు 25 మైక్రాన్లకు మించి పోదు. రెండు వైపులా కలిపి 50. ఆ లెక్కన 900 మైక్రాన్లు పోవడానికి 18 ఏళ్లు పట్టాలి. పైగా మొదటి ఏడాది తర్వాత వేగం తగ్గుతుంది. అలాంటప్పుడు చిన్నాన్న కారు తొమ్మిదేళ్లలో ఎలా చిల్లులు పడింది?

టార్పాలిన్ వల్ల. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే ఉక్కు మీద కంటికి కనపడని నీటిపొర నిలుస్తుంది. ఆరుబయట ఉన్న కారు వానకు తడిసినా ఎండకు ఆరుతుంది. మట్టి నేల మీద నిలబెట్టి, పైన టార్పాలిన్ కప్పిన కారు ఆరదు. నేలలోంచి లేచిన తేమ కవరు కింద చెమటై దిగుతుంది, ఫ్లోరు మీద పరిచిన కార్పెట్టు దాన్ని స్పాంజిలా పట్టుకుంటుంది. ఇక్కడ ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అందులో ముప్పాతిక వంతు నాలుగు నెలల్లోనే. ఆ నాలుగు నెలలూ కార్పెట్టు కింద వానాకాలమే, మిగిలిన ఎనిమిది నెలల్లో సగం కూడా అంతే. డెట్రాయిట్‌లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కార్లను తింటుంది. విశాఖలో సముద్రపు గాలి తింటుంది. మొయినాబాద్‌లో ఆ రెండూ లేవు. ఇక్కడ కార్లను చంపేది మన భద్రత. కప్పకుండా వేపచెట్టు కింద వదిలేసినా ఇంతకంటే బాగుండేదేమో.

సరే, చూడటానికి పోయాం. తోడు ఒక ఉస్తాద్‌ను తీసుకెళ్లాను. నలభై ఏళ్లుగా డెంటింగు పని చేస్తున్న మనిషి, అంబాసిడర్ల మీద చెయ్యి తిప్పిన తరం. చేతిలో పరికరాల పెట్టె లేదు. ఒక పాత స్క్రూడ్రైవరు, జేబులో ఒక ఫ్రిజ్ మ్యాగ్నెట్టు. చిలుకూరు బాలాజీ బొమ్మది. దాన్ని బానెట్ మీద పెట్టాడు, టక్కున అంటుకుంది. ముందు మడ్‌గార్డు పైభాగం మీద అంటుకుంది. అక్కడి నుంచి కిందికి, చక్రం వంపు దాకా మెల్లగా జరుపుతూ పోయాడు. జానెడు కిందికి రాగానే బాలాజీ ఊడి ఉస్తాద్ అరచేతిలో పడ్డాడు. "కింద ఇనుము లేదు సాబ్. లప్పమే ఉంది" అన్నాడు. ఎప్పుడో ఎవరో రేకు కుళ్లిన చోట లప్పం నింపి పైన రంగు కొట్టారు. చూడటానికి నున్నగా ఉంది. నాలుగు తలుపుల కింది అంచులూ, వెనక చక్రాల వంపులూ, డిక్కీలో స్టెప్నీ గుంట, బ్యాటరీ కూర్చునే అర, ముందు అద్దం కింద నీళ్లు పారే గాడి. ప్రతిచోటా మ్యాగ్నెట్టు, తర్వాత స్క్రూడ్రైవరు. కార్పెట్టు ఎత్తి డ్రైవరు కాళ్ల దగ్గర పొడిస్తే స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది. దాని కొస షెడ్డు మట్టిలో గుచ్చుకుంది.

తమ్ముడు ముఖం మాడ్చుకున్నాడు గానీ ఉస్తాద్ ఇంకా తీర్పు చెప్పలేదు. ఫ్లోరు పోతే పోయింది, అది అసలు ప్రశ్న కాదన్నాడు. జాకీ తెమ్మన్నాడు.

షెవెల్‌కు చాసిస్ వేరు, పైన బాడీ వేరు. బాడీ కుళ్లినా కింద చాసిస్ గట్టిగా ఉంటే బండికి వెన్నెముక ఉన్నట్టే. మస్టాంగ్, అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా అలా కావు. వాటికి బాడీయే చాసిస్. మన గ్యారేజీల్లో అన్నిటినీ చాసిస్ అనే అంటారు గానీ, నిజానికి తలుపుల కింద పొడుగ్గా ఉండే పెట్టెలాంటి భాగం, దాన్ని సిల్ అంటారు, ముందు చక్రాలనూ వెనక చక్రాలనూ కలిపి పట్టుకునేది అదే. అది పోతే కారు మధ్యలో కుంగుతుంది. అది పోయిందో లేదో తెలుసుకోడానికి ఉస్తాద్ చేసిన పరీక్ష ఇంతే: తలుపు తెరిచి మూసి చూశాడు, బాగానే పడింది. సిల్ కింద జాకీ పెట్టి చక్రం నేల విడిచేదాకా లేపాడు. మళ్లీ తలుపు తియ్యమన్నాడు. కుడివైపు తలుపు తెరుచుకుంది. ఎడమవైపు బిగుసుకుపోయింది. కారు బరువుకు సిల్ వంగి తలుపు చట్రం నొక్కుకుపోయిందన్నమాట. జాకీ కింద ఎర్రటి పొడి గుప్పెడు రాలింది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఇంటర్నెట్టులో అమెరికా వాళ్ల వీడియోలు చూసి, ఇంతకంటే కుళ్లిన మస్టాంగ్‌ను కొత్తదానిలా చేశారు కదా అని ఆశపడేవాళ్లు చాలామంది. తమ్ముడూ అలాగే ఆశపడ్డాడు. వాళ్ల లెక్క వేరు. మస్టాంగ్‌లు లక్షల్లో అమ్ముడయ్యాయి కాబట్టి వాటి రేకులన్నీ ఇప్పటికీ కొత్తగా అచ్చుపోసి అమ్మే పరిశ్రమ అక్కడ బతుకుతోంది. ఫ్లోరు, సిల్లు, మడ్‌గార్డు, కావాలంటే మొత్తం బాడీ షెల్లే కొత్తది కొనుక్కోవచ్చు. అక్కడ ఖరీదైనది మనిషి చెయ్యి. గంటకు డాలర్ల మీద డాలర్లు. అందుకే వాళ్లు కుళ్లినదాన్ని కోసి పారేసి, కొన్న ముక్క అతికించి పని ముగిస్తారు. మన దగ్గర తిరగబడింది. కాంటెస్సా తయారీ 2002లో ఆగింది. దాన్ని చేసిన ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మేలో అంబాసిడర్ కూడా ఆగింది. అంబాసిడర్ పేరు 2017లో 80 కోట్లకు పెజో కంపెనీకి అమ్ముడయింది, కాంటెస్సా పేరు 2022లో మరో కంపెనీకి పోయింది. పేర్లు కొనేవాళ్లున్నారు, కాంటెస్సా సిల్ అచ్చుపోసేవాడు లేడు. ఇక్కడ చెయ్యి ఇంకా దొరుకుతుంది, రేకు దొరకదు. కాబట్టి ప్రతి ముక్కా సుత్తితో పుట్టాల్సిందే.

ఆ తేడా ఎంతో చూడండి. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న 20 గేజి రేకు బరువు దాదాపు 21 కిలోలు. కిలో 80 రూపాయలు వేసుకున్నా 1,680. కాంటెస్సా ముందు ఫ్లోరు రెండు వైపులా అందులోనే వచ్చేస్తుంది. ఇనుము ఖర్చు రెండు వేల లోపే! కానీ ఫ్లోరు బల్లపరుపు రేకు కాదు. గట్టిదనం కోసం దానిలో గాడులుంటాయి, సీటు బోల్టుల దగ్గర గుంటలుంటాయి, అంచులు సిల్‌కూ నడుమ సొరంగానికీ తగ్గట్టు మడిచి ఉంటాయి. ఇసుక సంచి మీద పెట్టి కర్రసుత్తితో ఒక్కో గాడీ కొట్టాలి, పెట్టి చూడాలి, తీయాలి, మళ్లీ కొట్టాలి. రెండు వేల ఇనుముకు ఇరవై ముప్పై వేల చేతిపని. జంగు బండి బేరంలో కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. వాళ్లు చిల్లులు లెక్కపెడతారు, లెక్కపెట్టాల్సింది రోజుల్ని.

కాబట్టి రోజుల్లోనే లెక్క వేద్దాం. కింది అంకెలు నేను వేసుకున్న అంచనాలు. మీ ఊరి రేట్లు వేరైతే వేరు అంకెలు పెట్టుకోండి, లెక్క నడిచే దారి మారదు. మేస్త్రి కూలి రోజుకు 1,500, హెల్పరుకు 700, కలిపి 2,200.

ముందు మంచి బండి సంగతి. పైపైన జంగు, తలుపుల అంచులు కొద్దిగా పోయాయి, సిల్లులు గట్టిగా ఉన్నాయి అనుకోండి. 25 రోజుల రేకు పని, 55,000. రేకు, గ్యాసు, ప్రైమరు, లప్పం, వాటర్ పేపరు 20,000. రంగు 1,20,000. ఇంజను విప్పి బోరు కొట్టించి, రింగులూ వాల్వులూ మార్చి మళ్లీ కూర్చోబెట్టడానికి 90,000. బ్రేకులు, సస్పెన్షను బుష్‌లు 60,000. ఎలుకలు కొరికిన వైరింగు 25,000. సీట్లు, క్రోమియం పూత లక్ష. అద్దాల బీడింగులు, రబ్బర్లు 40,000. కాగితాలకు 40,000. మొత్తం 5,50,000. పని మొదలయ్యాక బయటపడేవాటికి పది శాతం కలిపితే 6,05,000.

ఇప్పుడు చిన్నాన్న బండి. రంగు నుంచి కాగితాల దాకా మిగతావన్నీ అవే. మారేవి రెండే. రేకు పని 25 రోజుల నుంచి 110 రోజులకు పోతుంది, 2,42,000. సామాను 60,000. మొత్తం 7,77,000. కుళ్లిన బండిలో బయటపడేవి పది శాతంతో ఆగవు. ఒక ముక్క కోస్తే పక్క ముక్కకు వెల్డింగు నిలవదు, అదీ కోయాలి. ముప్పై శాతం పెట్టుకోవాలి. దాదాపు 10,10,000.

రెండింటి మధ్య దాదాపు నాలుగు లక్షల ఐదు వేలు. అంటే ఎవరైనా మీకు ఇలాంటి బండిని ఉచితంగా ఇస్తానన్నా, సిల్లులు గట్టిగా ఉన్న మరో కాంటెస్సాను నాలుగు లక్షలకు కొనడమే చవక. ఇంతకీ పూర్తిగా బాగైన కాంటెస్సాకు పది లక్షలు ఇచ్చేవాడు దొరుకుతాడా? దొరకొచ్చు, ఆ ఒక్కడి కోసం ఎదురుచూడాలి. ఆ పది లక్షలూ 7 శాతం వడ్డీ చొప్పున బ్యాంకులో వేస్తే ఏడాదికి 70,000 వస్తాయి. ఎదురుచూసే ప్రతి ఏడాదీ ఆ డెబ్బై వేలు కూడా కారు ఖాతాలోకే.

110 రోజులంటే నాలుగు నెలలు అనుకునేరు. ఏ గ్యారేజీలోనైనా పాత బండి నింపుడు పని. యాక్సిడెంటు బండి వచ్చిందంటే ఇన్సూరెన్సు డబ్బులు వెంటనే వస్తాయి కాబట్టి దాని మీద పడతారు, మనది మూలకు జరుపుతారు. వారానికి రెండు రోజులు చేతిలోకి తీసుకున్నా 55 వారాలు. మధ్యలో ఒక వానాకాలం. ప్రైమరు లేకుండా బయట నిలబెట్టిన ఉత్త రేకు వారంలో ఎర్రబడుతుంది, చేసిన పని మళ్లీ చేయాలి. నేనే ఒకసారి ఓ షెడ్డులో అలా చేయించి, రంగు వేసిన రెండో వానాకాలానికి అతుకుల మీద బొబ్బలు లేస్తే నోరు మూసుకున్నాను. వెల్డింగుకు లోపలివైపు ప్రైమరు చేరలేదు, తప్పు అంతే. ఉస్తాద్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: అతుకు వెనకవైపుకు రంగు ఎలా పంపుతావు?

ఇంజను సంగతి త్వరగా చెప్పేస్తాను, అది తేలిక కాబట్టి. కాంటెస్సా పెట్రోలు ఇంజన్లు రెండూ అంబాసిడర్‌లో కూడా వాడినవే. లేత్ మెషిన్ మేస్త్రి ఎవరైనా చేస్తాడు. రెండు జాగ్రత్తలు చాలు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. అంతకు ముందు కాలపు పాత ఇంజన్ల వాల్వు సీట్లు సీసాన్ని నమ్ముకున్నవి. హెడ్ విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించుకోవాలి. రెండోది, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాలు. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులనూ కార్బురేటరు గ్యాస్కెట్లనూ మెత్తబరుస్తుంది. నెలకోసారి తిప్పే బండి ట్యాంకులో దాన్ని నిలవ ఉంచకూడదు.

కాగితాల మీద మాత్రం ఆగాలి. రేకు కంటే ముందు చూడాల్సింది ఆర్సీ. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు, విదేశాల నుంచి దిగుమతైన కారైతే 80,000. గడువు దాటితే నెలకు 500 అదనం. చిన్నాన్న ఆర్సీ గడువు 2021లో అయిపోయింది. నాలుగేళ్ల ఆలస్యానికి 48 నెలలు, 24,000. హరిత పన్ను వేరు. అంతకు ముందు ఆర్సీ పోయినాయన పేరు మీది నుంచి వారసుల పేరు మీదికి మారాలి. ఫారం 31, మరణ ధ్రువీకరణ, మిగతా వారసుల ఒప్పుకోలు. యజమాని పోయిన మూడు నెలల్లోగా పెట్టుకోవాల్సిన దరఖాస్తు అది. ఎవరూ పెట్టలేదు. కారు నంబరు ఏపీ 28. రంగారెడ్డి జిల్లాకు ఆ నంబరు ఉన్న రోజులవి, ఆ తర్వాత టీఎస్ వచ్చింది, ఇప్పుడు టీజీ నడుస్తోంది. ఇంతా చేశాక బండిని చూపించాలి. ఢిల్లీ చుట్టుపక్కల పెట్టినట్టుగా పెట్రోలు కారుకు 15 ఏళ్లంటూ వయసును బట్టి గీసిన గీత తెలంగాణలో లేదు, అది మన అదృష్టం. కానీ బండి నడవాలి, ఆగాలి, ఇన్‌స్పెక్టరు చాసిస్ నంబరు చదవగలగాలి. ఆ నంబరు కొట్టిన రేకే జంగు తినేసిన కేసులున్నాయి. అలాంటప్పుడు మీరు పది లక్షలు పెట్టినా మీ దగ్గర ఉండేది కారు కాదు, తోట అలంకారం.

ఇంజను మార్చి డీజిల్‌ది పెట్టేద్దామనే సలహా ఇచ్చేవాళ్లు ప్రతి టీకొట్టు దగ్గరా ఉంటారు. బండిలో ఇలాంటి మార్పులను కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవమని చెప్పండి.

వింటేజి కింద పెట్టుకుంటే సరిపోతుంది కదా అని తమ్ముడు అడిగాడు. 2021 జులైలో కేంద్రం వింటేజి బండ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటాలి, రిజిస్ట్రేషను ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరు ప్లేటులో వీఏ అనే అక్షరాలుంటాయి. రోజూ తిప్పకూడదు, ప్రదర్శనకో ర్యాలీకో పెట్రోలుకో రిపేరుకో మాత్రమే. 1991 కాంటెస్సాకు 50 ఏళ్లు నిండేది 2041లో. అసలు మొట్టమొదటి కాంటెస్సాకే 2034 దాకా ఆ యోగం లేదు. దీనిలో ఒక మెలిక కూడా ఉంది. చాసిస్‌లో గానీ, బాడీ షెల్‌లో గానీ, ఇంజనులో గానీ పెద్ద మార్పు లేకుండా అసలు రూపంలో ఉంటేనే వింటేజి. అంటే కుళ్లిన బండి ఒళ్లంతా కోసి కొత్త రేకు వేసి నిలబెడితే, దాన్ని కాపాడినట్టా, వింటేజి హోదా పోగొట్టినట్టా అన్న చర్చ అప్పుడు తప్పదు. జంగు ఎంత ఎక్కువుంటే ఆ చర్చ అంత కష్టం.

ఈ లెక్కలేవీ వర్తించని బండ్లూ ఉన్నాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి ఆర్డరిచ్చి చూడకుండానే పోయిన బండికి, రోజుకూలి లెక్క వేయరు. అది ఒక్కటే ఉంది, దాని విలువ చరిత్రది. కాంటెస్సా ఒక్కటే లేదు. సిల్లులు గట్టిగా ఉన్నవి ఎండిన ఊళ్ల షెడ్లలో ఇంకా దొరుకుతున్నాయి, వెతికితే. ఇంటివాళ్లు ఎక్కి తిరిగిన బండి వేరు కదా అంటే, నిజమే, వేరే. దానికి నేను అడ్డు చెప్పను. ఆ నాలుగు లక్షలు కారు ధర కాదు, చిన్నాన్న మీది ప్రేమ ధర అని తెలిసి ఖర్చు పెట్టమంటాను.

తుక్కు లెక్క కూడా వేశాం. టన్ను ఇనుము, కిలో 28 అనుకుంటే 28,000. 2021 ఆగస్టులో మొదలైన తుక్కు విధానం ప్రకారం గుర్తింపు ఉన్న కేంద్రంలో ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చూపి కొత్త సొంత కారు కొంటే రోడ్డు పన్నులో 25 శాతం దాకా తగ్గింపు ఇవ్వమని రాష్ట్రాలకు కేంద్రం సూచించింది. తమ్ముడు కొత్త కారు కొనే ఆలోచనలోనే ఉన్నాడు.

ఉస్తాద్ ఇవన్నీ విన్నట్టు లేడు. కారు చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూస్తున్నాడు. తలదీపాల చట్రాలు, తలుపు పిడులు, ఇసుజు ఇంజను, అయిదు గేర్ల పెట్టె. చివరికి ముందు అద్దం దగ్గర ఆగాడు. మరకల్లేవు, గీతల్లేవు, మూలలు చెక్కుచెదరలేదు. "బండి పోయింది సాబ్. ఇది పోనీయకండి. నా దగ్గర ఇంకో కాంటెస్సా ఉంది, రెండేళ్లుగా ఈ అద్దం కోసమే ఆగి ఉంది" అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు, చిన్నమ్మకు ఫోన్ చేశాడు, రెండు నిమిషాలు మాట్లాడాడు. తర్వాత ఇంట్లోకి పోయి పాత బొంత ఒకటి తెచ్చాడు.

బీడింగు కోసి అద్దాన్ని దించడానికి గంట పట్టింది. దాన్ని బొంతలో చుట్టి, ఆటో ట్రాలీలో గడ్డి పరిచి దాని మీద పడుకోబెట్టారు. ఉస్తాద్ ముందు కూర్చోలేదు, వెనక ట్రాలీలోనే అద్దం పక్కన కూచుని, మర్రిచెట్ల కింద గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులూ దాని మీద పెడుతూ పోయాడు.